ఆ మిగతా ముగ్గురూ ఎవరండీ?

మహారాజశ్రీ మిక్స్‌డ్ వెజిటబుల్ సూప్ పొట్లం గారి దివ్యసముఖానికి,

నమస్కారాలు. ఇక్కడ నేను క్షేమం అని రాయాలనే ఉంది, కడుపు ఒప్పుకోవడం లేదు. రాత్రి పదకొండున్నర అయింది. గంటన్నర క్రితం తమరిని గిన్నె అడుగున అంటిన పొరతో సహా గరిటెతో గీకి మరీ స్వీకరించాను. ఇప్పుడు వంటింట్లో నిలబడి, డబ్బా అడుగున మిగిలిన వేయించిన పల్లీలు నములుతూ ఈ ఉత్తరం రాస్తున్నాను.

తమరి వీపు మీద ‘నలుగురికి సరిపోతుంది’ అని ఉంది. నేను ఒక్కదాన్నే తాగాను. అంటే లెక్కప్రకారం మరో ముగ్గురి భోజనం కూడా నేనే చేసేశాను. అలాంటప్పుడు నాకు ఆయాసం రావాలి, కిళ్లీ వేసుకోవాలి, నడుం వాల్చాలి. పల్లీల డబ్బా మూత ఎందుకు తీశానో తమరే సెలవివ్వాలి.

అసలు తమరిని ఇంటికి తెచ్చుకోవడానికే నలభై నిమిషాలు పట్టింది. ఆఫీసు నుంచి వచ్చేసరికి వంట చేసే ఓపిక ఉండదని, త్వరగా అయిపోతుందని కొనే వస్తువు కోసం నలభై నిమిషాలు! ఆ సమయంలో పప్పు ఉడికి, పోపు పడి, చల్లారి కూడా ఉండేది. తప్పు నాదే లెండి, పాలు మానేసి రెండేళ్లయింది. టమాటా సూప్ తీశాను, పాలపొడి. స్వీట్‌కార్న్ తీశాను, పాలపొడి. పుట్టగొడుగుల సూప్‌కైతే పేరులోనే మీగడ ఉంది, అది కనీసం నిజాయతీ. ఆవగింజలో సగం ఉన్న అక్షరాలను ఫోనుతో ఫొటో తీసి, పెద్దవి చేసి చదువుతుంటే, దుకాణంలో కుర్రవాడు జాలిపడి దగ్గరికి వచ్చాడు. "పచ్చచుక్క ఉంది కదా మేడమ్, శాకాహారమే" అన్నాడు. శాకాహారమే నాయనా. పాలు, తేనె ఉన్నా పచ్చచుక్క పెట్టుకోవచ్చని చట్టమే చెబుతోంది. పాలు, తేనె లాంటి జంతువుల సరుకేదీ లేని వీగన్ ఆహారానికి 2022లో వేరే నిబంధనలు వచ్చాయి, ఆకుపచ్చ ‘వి’ అక్షరంతో వేరే గుర్తు కూడా వచ్చింది. అర మొత్తం వెతికితే ఆ గుర్తు పక్క వరుసలో సోయాపాల డబ్బా మీద కనిపించింది. సూప్‌ల దాకా ఇంకా నడిచి రాలేదు, దారిలో ఉండి ఉంటుంది.

చివరికి పాల ఊసు లేనివారు తమరొక్కరే దొరికారు. రుచి పెంచడానికి 631 అనే అంకెతో రాసిన పదార్థం ఒకటి ఉంది. దాన్ని చేపల నుంచీ తీయవచ్చు, పిండిపదార్థాలను పులియబెట్టీ తీయవచ్చు. పచ్చచుక్క ఉంది గనుక రెండోదే అయి ఉంటుందని నమ్మాను. చూశారా, ఇందాక తిట్టిన చుక్కనే మళ్లీ నమ్ముకున్నాను. పైగా ఒకటి కొంటే ఒకటి ఉచితం అన్నారు. అంటే ఎనిమిది మందికి విందు. ఇంట్లో ఉన్నది నేనూ, ఒక తులసి మొక్కా.

ముఖచిత్రం సంగతి ఎక్కువ మాట్లాడను. అందులో ఉన్న పింగాణీ గిన్నె, బఠాణీలు, తళతళలాడే క్యారెట్టు చక్రాలు లోపల ఉండవని నాకూ తెలుసు. పెళ్లిచూపుల ఫొటో లాంటిదే కదా. ‘ఆపకుండా కలుపుతూ ఉండండి’ అనే ఆజ్ఞను కూడా శిరసావహించాను. నీళ్లు నావి, గ్యాస్ నాది, చేయి నాది, ఉండలు మాత్రం తమరివి.

కానీ ఆ నలుగురి మాట దగ్గర మాత్రం నా మనసు కదలడం లేదు.

పదార్థాల పట్టికలో ఏది ఎక్కువ బరువుంటే దాన్ని ముందు రాయాలన్నది నియమం. తమరి పట్టికలో మొదటిది మొక్కజొన్న పిండి. రెండోది చక్కెర. మూడోది ఉప్పు. ఆ తర్వాత, గుడి బయట చెప్పుల దగ్గర నిలబడ్డ దూరపు చుట్టాల్లా, ‘ఎండబెట్టిన కూరగాయలు, 9 శాతం’. పొట్లం మొత్తం బరువు 42 గ్రాములు. అందులో కూరగాయలు నాలుగు గ్రాములకు కాస్త తక్కువ. నలుగురికి పంచితే మనిషికి ఒక గ్రాము కూడా రాదు. తమరి పేరులో కూరగాయలు ఉన్నాయి, మిశ్రమం ఉంది. మొక్కజొన్న పిండి ఊసే లేదు. పెళ్లికొడుకు పేరు లేకుండా తోడిపెళ్లికొడుకు పేరుతో శుభలేఖ వేసినట్లు ఉంది.

మనిషి వాటాకు ప్రోటీన్ ఎంతో కూడా రాశారు. ఒక గ్రాము లోపు. గుప్పెడు పెసరపప్పు, అంటే ఓ 30 గ్రాములు, ఉడకబెట్టుకుంటే ఏడు గ్రాములు వస్తుంది. ఆకలి తీరడమంటే ఏమిటో మా కడుపులకు తెలుసు. దానికి పప్పు కావాలి, పీచు కావాలి, నమలడానికి పంటికింద ఏదో ఒకటి తగలాలి. చిక్కగా ఉంటే చాలు, కడుపు మోసపోతుందని తమరు అనుకున్నారు. మోసపోయింది, నిజమే. సరిగ్గా నలభై అయిదు నిమిషాలు.

ఉప్పు విషయంలో మాత్రం తమరు దాత. మనిషికి రోజుకు 5 గ్రాముల లోపు ఉప్పు చాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. నేను నలుగురి వాటా తాగాను కాబట్టి నలుగురి ఉప్పూ నాకే చేరింది. తిండి దగ్గర పావు మనిషిని, ఉప్పు దగ్గర నిండుగా నలుగురిని. ఈ రాత్రి ఎన్నిసార్లు లేచి నీళ్లు తాగాలో లెక్క వేసుకుంటున్నాను.

పదిన్నరకు అమ్మ ఫోన్ చేసింది.

"ఏమి తిన్నావే?"

"సూప్ తాగానమ్మా."

"అది సరే. ఏమి తిన్నావు?"

చూడు, ఇక ‘తమరు’, ‘గారు’ నా వల్ల కాదు. అమ్మ అడిగిన ఆ రెండో ప్రశ్నకు నువ్వే జవాబు చెప్పు. మా భాషలో నిన్ను తినం, తాగుతాం. కాఫీ, మజ్జిగ, మందు, నువ్వు, అన్నీ ఒకే క్రియ. భోజనం అని అట్ట మీద అచ్చువేసుకున్నంత మాత్రాన భోజనం అయిపోతావా? నలుగురికి సరిపోతావా? ఎవరా నలుగురు? పాలు మరవని పసివాళ్లా? ఏకాదశి ఉపవాసం ఉన్నవాళ్లా? మా వైపు నలుగురు అంటే ఒకటే అర్థం, చివర్లో మోసేవాళ్లు. నిన్ను నమ్ముకుని ఆకలితో పోతే భుజం పట్టడానికి వాళ్లను ముందే సిద్ధం చేశావా?

అసలు కోపం ఎక్కడ వస్తుందంటే, నీ వంశం ఇలాంటిది కాదు. 1867లో బెర్లిన్‌లో ఒక వంటవాడు బఠాణీ పిండితో ఎండు సూప్ కట్టలు చేస్తే, 1870లో ఫ్రాన్స్‌తో జరిగిన యుద్ధంలో ప్రష్యా అనే జర్మన్ రాజ్యపు సైనికులు వాటిని నీళ్లలో కలుపుకుని తాగి నడిచారు. అందులో పందికొవ్వు ఉండేది కాబట్టి నా లెక్కలోకి రాదు, అయినా కడుపు నింపేది. ఇక 1880లలో స్విట్జర్లాండ్‌లో జూలియస్ మాగీ అనే పిండిమర యజమాని చేసింది చూడు. ఫ్యాక్టరీలలో పనిచేసే ఆడవాళ్లకు వండుకునే తీరిక లేక, సరైన తిండి లేక నీరసించి పోతుంటే, బఠాణీ, చిక్కుడు గింజల పిండితో త్వరగా ఉడికే సూప్‌లు తయారు చేశాడు. అంటే నువ్వు పుట్టిందే నాలాంటి దానికోసం. పొద్దు పోయాక ఇంటికి వచ్చి, పొయ్యి ముందు గంట నిలబడలేని మనిషి కోసం. పుట్టినప్పుడు నీ ఒంట్లో ఉన్నది పప్పు. దాన్ని తీసేసి పిండి, చక్కెర పెట్టారు. తీరిక లేకపోవడం మాకు అలాగే మిగిలింది.

‘హాయిగా చారు పెట్టుకోవచ్చు కదా’ అనబోయే పెద్దలు ఒక్క నిమిషం ఆగాలి. చారుతో కూడా కడుపు నిండదు, పక్కన అన్నం ఉండాలి. ఉలవచారు నిండుతుంది, కాదనను. పాలతో పనిలేని, గింజతో చేసిన, చిక్కని సూప్ అంటే అదే. కానీ ఉలవలు ముందు రాత్రి నానబెట్టాలి, గంటల తరబడి ఉడకాలి, ఆ కట్టు మళ్లీ మరగాలి. అంత ఓపిక ఉంటే ఈ ఉత్తరం ఎందుకు రాస్తాను? హోటలుకు వెళ్తే దాని మీద మీగడ పోసి తెస్తారు. అక్కడా నాకు చుక్కెదురే.

సరే, ఒక మాట ఒప్పుకోవాలి. నీ మిరియాల ఘాటు బాగుంది. తలుపు తాళం తీసి, ఖాళీ ఇంట్లో లైటు వేసి, తడిసిన జుట్టుతో నిలబడ్డ మనిషి చేతికి అయిదు నిమిషాల్లో వేడి కప్పు ఇవ్వడం చిన్న విషయం కాదు. ఆ అయిదు నిమిషాలూ నువ్వంటే నాకు ఇష్టమే. ఆరో నిమిషం నుంచే గొడవ.

అందుకే ఇందాక పల్లీలు అయిపోగానే గుప్పెడు పెసరపప్పు కడిగి కుక్కర్‌లో వేశాను. నీతో ఉచితంగా వచ్చిన నీ తమ్ముడిలో సగం చింపి చన్నీళ్లలో కలిపి పెట్టాను. ఈసారి ఉండలు కట్టలేదు. పప్పు మెదిపి అందులో పోస్తాను, కొత్తిమీర ఉంటే చల్లుతాను, లేకపోతే లేదు. ఉప్పు వేయను, నువ్వు ఉన్నావుగా.

మూడో కూత వచ్చింది, ఉంటాను. ఆ మిగతా ముగ్గురూ ఎక్కడైనా కనిపిస్తే చెప్పు, పల్లీల డబ్బా కూడా ఖాళీ అయిందని.

ఇట్లు,
నలుగురిలో ఒకతె