యూట్యూబ్ బోధకుడు ఫ్రీజర్ బాక్సు మాట్లాడిపెట్టడు

"నాకు దేవుడితో పర్సనల్ రిలేషన్ ఉంది, ఇంక చర్చి ఎందుకు?" చెన్నైలో ఐటీ ఆఫీసులుండే ఓఎమ్మార్ రోడ్డు మీద పనిచేసే మన తెలుగు పిల్లల నోట ఈ మాట ఈమధ్య తెగ వినబడుతోంది. ఆదివారం పదకొండింటికి లేవడం, బిర్యానీ ఆర్డర్ పెట్టడం, అది వచ్చేలోగా ఫోన్‌లో వాక్యం వినడం, అదీ స్పీడు పెంచి. ఆరాధన అయిపోయినట్టే లెక్క!

నాకిది మింగుడుపడటం లేదు. వాక్యం వినొద్దని కాదు, బస్సులో నేనూ వింటాను. కానీ ఆ బోధకుడికి నువ్వెవరో తెలియదు. నెల రోజులు కనబడకపోతే "ఏమ్మా, ఒంట్లో బాగాలేదా?" అని ఫోన్ చేయడు.

మా సంఘం షోళింగనల్లూరు దగ్గర ఒక అద్దె హాల్లో కూడుకుంటుంది. పొద్దున తమిళం వాళ్ల ఆరాధన, వాళ్లు ఖాళీ చేశాక మాది. ఆమధ్య కొడుకును చూడటానికి నెల్లూరు వైపు నుంచి వచ్చిన పెద్దాయన ఒకరు రాత్రికి రాత్రే పోయారు. ఆ అబ్బాయికి తమిళం రాదు, ఆఫీసు వాళ్లు తప్ప ఇక్కడ మనుషులు లేరు. మా దగ్గరికి అప్పుడోసారి ఇప్పుడోసారి వచ్చినవాడే. విషయం తెలియగానే మా సంఘంలో సెక్యూరిటీ పనిచేసే అన్న డ్యూటీ ఇంకొకరికి అప్పజెప్పి వెళ్లాడు. ఫ్రీజర్ బాక్సు మాట్లాడాడు, ఆంబులెన్సు డ్రైవరుతో తమిళంలో బేరమాడాడు, డాక్టరు సర్టిఫికెట్ చేతికొచ్చేదాకా అక్కణ్ణుంచి కదల్లేదు. ఇద్దరు అక్కలు ఆ అబ్బాయి తల్లి పక్కన తెల్లారేదాకా కూర్చున్నారు. ప్రసంగాలేమీ చేయలేదు. టీ పెట్టారు, ఆమె ఏడిస్తే ఏడవనిచ్చారు. పొద్దున ఊరిదాకా తోడు వెళ్లారు కూడా.

విశ్వాసం నా ఒక్కడి సొంత వ్యవహారం అనుకోవడం మన పెద్దల అలవాటు కూడా కాదు. 1876–78 కరువులో ప్రభుత్వం బకింగ్‌హామ్ కాలువ పనులు చేయించింది. ఒంగోలులో ఉన్న అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ అందులో మూడున్నర మైళ్ల పని కాంట్రాక్టుకు తీసుకుని ఆకలితో ఉన్నవాళ్లకు కూలి ఇప్పించాడు. తిండి కోసం మతంలో కలిశారన్న మాట పడకూడదని ఆ కరువు రోజుల్లో బాప్తిస్మాలు ఆపేశాడు. ఆ తర్వాత 1878 జులై 3న గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. వాళ్లలో ఎక్కువమంది మాదిగలు. ఎవరికి వారు విడిగా కాదు, కుటుంబాలకు కుటుంబాలు, ఊళ్లకు ఊళ్లు కలిసొచ్చారు. ఆ కాలువే ఇక్కడ ఓఎమ్మార్‌కు తూర్పున, మన ఆఫీసుల వెనకగా పోతోంది. కంపు కొడుతుందని కిటికీలు మూసుకుంటాం, అది వేరే సంగతి.

ఇంతకీ సంఘంలో నాకు నచ్చే విషయం, కష్టమనిపించే విషయం ఒకటే: అక్కడి మనుషులను నేను ఎంచుకోలేదు. ఫ్రెండ్స్‌ను ఎంచుకుంటాం, అపార్ట్‌మెంటునూ ఎంచుకుంటాం, యూట్యూబ్‌లో బోధకుణ్ణి సరేసరి. ప్రభువు బల్ల దగ్గర, అంటే అందరం రొట్టె, ద్రాక్షరసం పంచుకునే చోట మాత్రం టీమ్ లీడర్ పక్కన హౌస్‌కీపింగ్ అక్క నిలబడుతుంది. కొరింథు సంఘంలో కలిగినవాళ్లు ముందే తినేసి, లేనివాళ్లను ఆకలితో ఉంచితే అపొస్తలుడైన పౌలు ఊరుకోలేదు. మీరు తినేది ప్రభువు రాత్రి భోజనమే కాదు పొమ్మన్నాడు. మొదటి కొరింథీ పదకొండో అధ్యాయం తీసి చదవండి. ఒంటరిగా ఫోన్ ముందు కూర్చున్నవాడికి ఆ తిట్లు తగలవు. తగలాల్సినవాళ్లం మనమే కదా!

పారిపోయే పిల్లల బాధ తెలియక ఈ మాటలు అనడం లేదు. రెండోవారం నుంచే పెళ్లి సంబంధాలు, మూడోవారం నుంచి బిల్డింగ్ ఫండు. ఒకరు ఏడుస్తూ ప్రార్థన కోరితే, సాయంత్రానికి ఆ సంగతి వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతుంది. అందుకే, పెద్దలారా, మీకూ ఒక మాట. కొత్త అబ్బాయి గడప దాటగానే "ఏ ఊరు బాబూ? ఇంటిపేరేంటి?" అని అడుగుతారు చూశారా, అది దేనికోసమో మీకూ తెలుసు, వాడికీ తెలుసు. వచ్చేవారం వాడు రాకపోతే యూట్యూబ్‌ను తిట్టకండి. వాడికి కుర్చీ చూపించండి, అన్నం తినివెళ్లమనండి, ఇంటిపేరు వాడే చెప్తే విందురుగాని.