బట్టల కొట్టులో కచేరీ

చీరాలలో ముప్పై రెండేళ్ళు బట్టల కొట్టు నడిపాను. కూతురి దగ్గరికి అమెరికా వెళ్ళాక, అక్కడ అసలైన బట్టల బేరం ఎక్కడ జరుగుతుందో తెలుసుకోడానికి నాకు మూడు నెలలు పట్టింది. మాల్‌లో అనుకున్నాను. కాదు. ఒక శనివారం మా అల్లుడు నన్నూ మనవడినీ ఒక రాక్ బ్యాండ్ కచేరీకి తీసుకెళ్ళాడు. అక్కడ బయటపడింది.

పాట మొదలవడానికి ఇంకా గంటన్నర ఉంది. అయినా లోపల తిరుమల కంపార్ట్‌మెంట్లలా మెలికలు తిరిగిన క్యూ.

"ఈ క్యూ దేనికి బాబూ?" అన్నాను.

"చొక్కాలకి, మావయ్యగారూ."

టికెట్ కొన్న మనిషి తన కుర్చీ ఎక్కడుందో చూసుకోకుండా ముందు చొక్కా కోసం నిలబడ్డాడంటే, ఆ ఊళ్ళో వ్యాపారం పచ్చగా ఉన్నట్టే. నలభై నిమిషాలు ఆ క్యూలో నిలబడి ఒక వర్తకుడిగా నేను గమనించినవి, సంగీత లోకం బాగు కోరి, ఇక్కడ రాస్తున్నాను.

సరుకు చూపించడం వాళ్ళకి చేతకాదు. మా కొట్టులో పరుపేసి, తెల్ల దుప్పటి పరిచి, కూల్ డ్రింకు తెప్పించి, యాభై చీరలు విప్పి పోసేవాళ్ళం. అన్నీ చూశాక ఆవిడ "కొత్త డిజైన్లు రాలేదా?" అని లేచి వెళ్ళిపోతే, మళ్ళీ యాభై నవ్వుతూ మడత పెట్టేవాళ్ళం. అదీ వ్యాపారం. ఇక్కడ పది చొక్కాలు గోడకి బిగించి కింద నంబర్లు వేశారు. మనం దూరం నుంచి "ఏడో నంబరు, లార్జ్" అని అరవాలి. డబ్బు కట్టేదాకా గుడ్డ ముట్టుకోడానికి లేదు. నూలు ఎంత కౌంటు అని అడిగితే ఆ అమ్మాయి "కార్డా, ఫోనా?" అంది. నోట్లు తీసుకోరు. నలభై అయిదు డాలర్లు, అంటే దాదాపు నాలుగు వేలు. "చివరి మాట ఎంతకిస్తావమ్మా?" అని తెలుగులోనే అడగబోయాను. అల్లుడు నా చెయ్యి పట్టుకున్నాడు.

అయినా క్యూ తరగలేదు. ఇదెలా సాధ్యమా అని ఆలోచిస్తే ఒకటి తట్టింది. మన దగ్గర కొత్త షాపింగ్ మాల్ తెరిస్తే హీరోయిన్‌ని పిలుస్తాం. ఆవిడ రిబ్బన్ కత్తిరించి, మేడ మీంచి చెయ్యి ఊపి, ట్రాఫిక్ ఆగిపోయాక విమానం ఎక్కేస్తుంది. కొట్టు మనది, ఆకర్షణ అద్దెది. వీళ్ళు ఆ అద్దె దండగని తీసేశారు. కొట్టు ఓనరే గిటార్ తగిలించుకుని రెండు గంటలు పాడతాడు. పాట ఫోన్‌లో దాదాపు ఉచితంగా దొరుకుతోంది, క్యాసెట్లూ సీడీలూ అటకెక్కాయి. చొక్కాని మాత్రం డౌన్‌లోడ్ చేసుకోవడం ఎవడికీ ఇంకా చేతకాలేదు.

ఇది నిన్న మొన్న పుట్టిన తెలివి కాదు. 1956లోనే అమెరికా రాక్ పాటగాడు ఎల్విస్ ప్రెస్లీ మేనేజరు కల్నల్ టామ్ పార్కర్, ఎల్విస్ అంటే ఇష్టమని చెప్పే బ్యాడ్జీలతో పాటు ఎల్విస్ అంటే అసహ్యమని చెప్పే బ్యాడ్జీలు కూడా అమ్మించాడంటారు. మా బజార్లో ఇంత మేధావి పుట్టలేదు. మా కొట్టు నచ్చక ఎదురు కొట్టుకి పోయినవాడి చేతిలోనూ మా సంచే ఉండేలా చూసుకోవాలని మాకు ఏ రోజూ తోచలేదు.

బీటిల్స్ అనే ఇంగ్లండ్ బ్యాండు కథ వేరు. 1963 చివర్లో వాళ్ళ పేరు మీద విగ్గులూ బొమ్మలూ అమ్ముకునే హక్కు ఒక కంపెనీకి రాసిచ్చారు. వాటా ఎంత కావాలని అడిగితే అవతలివాడు తొంభై శాతం అన్నాడు. వీళ్ళు సరేనన్నారు. బీటిల్స్‌కి మిగిలింది పది. మా కొట్లో పదో క్లాసు తప్పిన గుమస్తా ఉండేవాడు. వాడైనా "కాస్త చూసి చెప్పండి" అనేవాడు. ఆ కంపెనీ పేరు సెల్‌టేబ్. బీటిల్స్ అన్న ఇంగ్లీషు మాటని వెనక్కి తిప్పి రాస్తే వచ్చే పేరు. లెక్క తిరగబడిందని బోర్డు మీదే రాసుకున్నారు పాపం, చదివినవాళ్ళు లేరు.

డిజైన్ ఖర్చు దగ్గర మాత్రం రోలింగ్ స్టోన్స్ బ్యాండు వాళ్ళు అచ్చం మా లైను మనుషులే. బయటికి చాచిన ఎర్ర నాలుక బొమ్మ మీరూ చూసే ఉంటారు. 1970లో జాన్ పాష్ అనే ఆర్టు విద్యార్థి వేశాడు. ఆ బ్యాండు పాటగాడు మిక్ జాగర్ అతనికి మన కాళీమాత పటం చూపించి ఇలాంటిదేదో కావాలన్నాడు. కూలీ 50 పౌండ్లు, తర్వాత ఇంకో 200. ఆ అసలు బొమ్మని 2008లో లండన్ మ్యూజియం ఒకటి 92,500 డాలర్లకి కొనుక్కుంది. అమ్మవారికి ఇందులో ముట్టిందేమీ లేదు. కాళీఘాట్ అర్చకులు లాయర్ని పెట్టుకోవచ్చు.

కస్టమర్ని ఎక్కడి దాకా వదలకూడదో కిస్ అనే బ్యాండ్ దగ్గర నేర్చుకోవాలి. మొహాలకి రంగు పూసుకుని పాడే ఆ నలుగురు చొక్కాలూ బొమ్మలూ అయ్యాక, 2001లో తమ మొహాలు అచ్చేసిన శవపేటిక అమ్మకానికి పెట్టారు. అవసరం పడేదాకా అందులో ఐసు పోసి బీరు సీసాలు చల్లబెట్టుకోవచ్చని కూడా చెప్పారు. మా సందులో పాడె కట్టేవాళ్ళు ఇప్పటికీ ఒక్కసారి వాడి పారేసే సరుకు దగ్గరే ఆగిపోయారు.

మళ్ళీ క్యూలోకి వద్దాం. నలభై అయిదు డాలర్లలో బ్యాండుకి ఎంత పోతుందని అల్లుణ్ణి అడిగాను. హాలువాళ్ళు నూటికి ఇరవయ్యో ముప్పయ్యో తీసుకుంటారన్నాడు. షోకి ముందు చొక్కాలు లెక్కపెట్టి లోపలికి పంపిస్తారట, అయ్యాక మిగిలినవి లెక్కపెట్టి తేడాకి డబ్బు కట్టించుకుంటారట.

"లాభం మీదా?"

"కాదు మావయ్యగారూ, అమ్మకం మీద."

"హాలు అద్దె వేరే కట్టారుగా?"

"కట్టారు."

"పార్కింగ్ ఎవరిది?"

"హాలుది."

"బీరు?"

"హాలుదే."

"మరి బీరు అమ్మకంలో బ్యాండుకి వాటా?"

అల్లుడు చాలాసేపు నవ్వాడు. ఈ పెళ్ళయి పదకొండేళ్ళయింది, నేను చెప్పిన మాటకి అతను అంతసేపు నవ్వడం అదే మొదటిసారి.

మా ఊరి గుళ్ళో శ్రీరామనవమికి హరికథ చెప్పే దాసుగారు కథని సరిగ్గా ధనుర్భంగం దగ్గర ఆపి హారతి పళ్ళెం తిప్పేవారు. విల్లు విరగాలంటే పళ్ళెం నిండాలి. ధర్మకర్త పిసినారే, కాదనను. అయినా ఆ పళ్ళెంలో పాతిక శాతం గుడికి రావాలని ఏనాడూ అనలేదు. అంటే ఆ ఏడు సీతమ్మకి పెళ్ళయ్యేది కాదు.

పాటగాళ్ళు గొడవ చేయకపోలేదు. బ్రిటన్‌లో కళాకారుల సంఘం ఒకటి 2022లో, చొక్కాల్లో వాటా అడగని హాళ్ళ జాబితా తయారు చేసింది. దొంగలు కానివాళ్ళ జాబితా వేయాల్సి వచ్చిందంటే మిగతా బజారు ఎలా ఉందో చూసుకోండి. 2023 సెప్టెంబరులో అమెరికాలో కచేరీలు పెట్టించి హాళ్ళు నడిపే లైవ్ నేషన్ కంపెనీ, తన చిన్న క్లబ్బుల్లో ఈ వాటా తీసుకోమనీ, పైగా దారి ఖర్చులకి షోకి 1,500 డాలర్లు ఇస్తామనీ ప్రకటించింది. పెద్ద హాళ్ళ దాకా ఆ దయ రాలేదు. బ్యాండువాళ్ళు ఏం చేస్తారు, ఆ పాతిక శాతాన్ని చొక్కా రేటులో కలిపేస్తారు. అంటే హాలు అద్దె కట్టింది నేను. నిలబడి.

కచేరీ సంగతి చెప్పలేదు కదూ. బాగా గట్టిగా ఉంది.

బయటికొస్తే పార్కింగ్ దగ్గర ఒక కుర్రాడు, భుజాన మూట, చేతిలో చొక్కా, నోట్లో కేక. నాకు ప్రాణం లేచొచ్చింది. సైకిల్ మీద మూటలేసుకుని ఊళ్ళ మీద తిరిగిన మా నాన్న గుర్తొచ్చాడు. ఇలాంటివాళ్ళ పేర్లు ఎవరికీ తెలియవు కాబట్టి, బ్యాండు తరఫువాళ్ళు "జాన్ డో" అనే ఊరూ పేరూ లేని మనిషి మీద ముందే కేసు వేసి, సరుకు జప్తుకి ఆర్డరు తెచ్చుకుంటారట. మన లెక్కలో ఎంకయ్య మీద కేసన్నమాట. ఆ ఎంకయ్య నన్ను చూసి ఇరవై డాలర్లన్నాడు. పది అన్నాను. వెళ్ళిపోతున్నట్టు నటించాను. వెనక్కి పిలిచాడు. పన్నెండుకి తెగింది, నగదు, చిల్లర కూడా ఇచ్చాడు. గుడ్డ నలిపి చూడనిచ్చాడు. పల్చగానే ఉంది. బ్యాండు పేరులో ఒక అక్షరం తక్కువుంది. దొంగ సరుకు కొన్నానని అల్లుడు రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మనవడు మాత్రం తన నాలుగు వేల చొక్కా వేసుకుని "తాతయ్యా, నీది బావుంది" అన్నాడు.

చీరాల తిరిగొచ్చాక ఒక పొద్దున్న ఆ చొక్కా, లుంగీ వేసుకుని పాల ప్యాకెట్‌కి వెళ్ళాను. ఈ చొక్కాల వీపు మీద బ్యాండు తిరిగే ఊళ్ళూ తేదీలూ వరసగా అచ్చేస్తారు. టీ కొట్టు దగ్గర ఒక పెద్దాయన నా వెనక నిలబడి ఆ ఊళ్ళన్నీ కూడబలుక్కుంటూ కిందిదాకా చదివి, భుజం తట్టి అడిగాడు: "ఏమండీ, ఈ బస్సు బాపట్ల మీదుగా పోతుందా?"