తల్లితనం ఒక్కటే పిలుపా?

గుంటూరు, విజయవాడ క్రైస్తవ సంఘాల వాట్సాప్ గ్రూపుల్లో ఒక సందేశం తెగ తిరుగుతోంది. క్రైస్తవ స్త్రీకి దేవుడిచ్చిన పిలుపు తల్లితనం ఒక్కటేనట. బిడ్డ పుట్టాక ఉద్యోగమనీ సేవ అనీ గడప దాటితే అవిధేయతట. పిల్లల్ని కంటేనే స్త్రీకి రక్షణట. కింద మూడు బైబిలు రిఫరెన్సులు: తీతుకు 2:5, సామెతలు 31, 1 తిమోతి 2:15. నమ్మితే ఆమెన్ అని టైప్ చేయాలి.

తీతుకు 2:5లో యౌవన స్త్రీలు ఇంట ఉండి పని చేసుకోవాలని ఉంది, కాదనను. దానికి కాస్త పైన 3వ వచనంలో, వృద్ధ స్త్రీలు మంచి ఉపదేశం చేసేవారై ఉండాలని కూడా ఆ పత్రిక రాసిన అపొస్తలుడు పౌలే రాశాడు. స్త్రీలకు నేర్పించే పని అప్పగించిన ఆ ముక్క ఫార్వర్డులో కనపడదు.

సామెతలు 31 గుణవతి అయితే పొలం చూసి కొంటుంది, ద్రాక్షతోట వేస్తుంది, నారబట్టలు నేయించి అమ్ముతుంది, వర్తకులకు నడికట్లు సరఫరా చేస్తుంది. గడప దాటకూడదని చెప్పడానికి ఈమే దొరికిందా? మన పల్లె సంఘాల్లో తెల్లారకముందే వంట ముగించి మిర్చి తొడిమలు తీసే కూలికి వెళ్లే తల్లులు ఎంతోమంది. ఆ కూలి డబ్బుల్లోంచి వాళ్లు వేసే కానుక చందాపెట్టెలో పడుతూనే ఉంది. అవిధేయుల డబ్బని ఎవరూ తిప్పి పంపలేదు.

అసలు బాధ పెట్టేది మూడోది. శిశుప్రసూతి ద్వారా స్త్రీ రక్షింపబడుతుందనే 1 తిమోతి 2:15 కష్టమైన వచనం. మరియకు పుట్టిన రక్షకుణ్ణి ఉద్దేశించిందని కొందరు, ప్రసవ గండం నుంచి కాపుదల అని కొందరు వివరిస్తారు. ఏదేమైనా కాన్పే రక్షణ అయితే, కృప చేత విశ్వాసం ద్వారా రక్షణ అన్న ఎఫెసీ 2:8ని కొట్టేయాల్సిందే. పెళ్లికాని స్త్రీ ప్రభువు విషయాల మీద మనసు పెడుతుందని 1 కొరింథీ 7లో రాసిందీ పౌలే. సువార్తికుడు ఫిలిప్పు కుమార్తెలు నలుగురూ పెళ్లి లేకుండానే ప్రవచించేవారు. ఒక స్త్రీ యేసును మోసిన గర్భం ధన్యమంటే, దేవుని వాక్యం విని గైకొనేవారే మరింత ధన్యులని ఆయన జవాబిచ్చాడు.

పెళ్లయి ఏళ్లు గడిచి, ఉపవాస ప్రార్థనకు వెళ్లిన ప్రతిసారీ "ఏమన్నా విశేషమా?" అని అడిగించుకునే అమ్మాయి ఫోన్‌లో కూడా ఈ సందేశం పడుతుంది. పంపినవాళ్లకు ఆ ధ్యాసే ఉండదు. గొడ్రాలు అనే మాటకు వాక్యం ముసుగు వేసినట్టే ఇది.

అందులోనూ గుంటూరువాళ్లం దీన్ని నమ్మడం విడ్డూరం. 1883లో అమెరికా నుంచి వచ్చిన డాక్టర్ అన్నా సారా కుగ్లర్ పెళ్లి చేసుకోలేదు. మగ డాక్టరు దగ్గరికి ఆడవాళ్లను పంపని కాలంలో ఇక్కడ వైద్యం మొదలుపెట్టి, 1898లో స్త్రీలకూ పిల్లలకూ ఆసుపత్రి తెరిచింది. 1930లో చనిపోయేదాకా ఈ ఊరికే అంకితమైంది. ఇక్కడి తల్లులు ఎందరో కాన్పు గట్టెక్కి బిడ్డను ఎత్తుకోగలిగారంటే, బిడ్డను కనని ఆమె పుణ్యమే. అవిధేయురాలి లెక్కలో ఈమెనూ వేస్తారా?

సందేశంలో ఓ నిజం లేకపోలేదు. పిల్లల్ని ఎవరికో అప్పగించి మీటింగులంటూ తిరిగేవాళ్లు ఉన్నారు, అది తప్పే. ఇష్టపడి ఇంటిపట్టున ఉండి పిల్లల్ని పెంచుకునే తల్లిదీ నిజమైన పిలుపే, ఆమెను చిన్నచూపు చూడనక్కర్లేదు. కానీ ఇల్లు పట్టించుకోవడం ఆమె ఒక్కదాని బాధ్యత కాదు. వాళ్లు చూపించిన 2:15 దాటి నాలుగు వచనాలు చదివితే 3:4 వస్తుంది: సంఘాధ్యక్షుడు తన ఇంటిని, పిల్లల్ని చక్కగా చూసుకునేవాడై ఉండాలని. పిల్లల ముఖం చూడకుండా వారమంతా కూటాలకు తిరిగే పాస్టరు అయ్యగారికి ఈ వచనం ఎవరూ ఫార్వర్డ్ చేయరు. బిడ్డ గుడ్డలు ఉతికే తండ్రిని చూసి జనం నవ్వినా, దేవుడు మాత్రం దూతలతో కలిసి సంతోషిస్తాడని 1522లోనే సంఘ సంస్కర్త మార్టిన్ లూథర్ రాశాడు. ఇన్ని లూథరన్ సంఘాలున్న గుంటూరులో, పురుషుల గ్రూపుల్లో ఆ మాట తిరగడం నేనింతవరకూ చూడలేదు.