మహారాజశ్రీ షాపింగ్ స్టాప్ గారి దివ్య సముఖమునకు

ఉభయకుశలోపరి. తమరక్కడ ఏసీ గదిలో క్షేమంగానే ఉండి ఉంటారు. ఇక్కడ కోనసీమలో వానలు పట్టుకున్నాయి. మేమూ బాగానే ఉన్నాం.

ఇంతకీ ఈ ఉత్తరం ఎందుకంటే, ట్రావెల్స్ వాళ్లు పొద్దున్నే వాట్సాప్‌లో ఓ ఫారం పంపారు. ‘ఫ్లోరెన్స్ చారిత్రక నగర దర్శనానికి ఎన్ని స్టార్లు ఇస్తారు?’ అని అడుగుతున్నారు. ఆ సాయంత్రం ఇటలీలోని ఆ ఊళ్లో మాకు దర్శనమిచ్చింది, టూర్ వాళ్లు కొనుగోళ్లకని ఆపే తోలు దుకాణం తమరే కదా. స్టార్లేవో తమరికే నేరుగా సమర్పించుకుందామని కూర్చున్నాను.

ప్రోగ్రాం కాగితంలో తమరి పేరు లేదు. ‘పిసా వాలు గోపురం, సాయంత్రం ఫ్లోరెన్స్ పాత నగరంలో నడక, ఇండియన్ డిన్నర్’ అని మాత్రమే ఉంది. ఆ నడకలో అడుగులు మావి, గమ్యం తమరు అని మాకెవరూ చెప్పలేదు. కమీషన్ సంగతి ఎత్తను, మర్యాద కాదు.

మొదటిసారి దేశం దాటినవాళ్లం. బస్సు మమ్మల్ని ఆ ఊరి ఏరు ఆర్నో గట్టున దింపింది. పెద్ద బస్సుల్ని పాత ఊళ్లోకి రానివ్వరట, మంచిదే. జెండా కర్ర పట్టుకున్న గైడమ్మ ముందు, మేమంతా వెనక. కేథడ్రల్ అనే పెద్ద చర్చి దగ్గర పదిహేను నిమిషాలు ఇచ్చారు. 1296లో మొదలుపెట్టి, బ్రూనెలెస్కీ అనే వాస్తుశిల్పి ఆ ఇటుకల గుమ్మటం పూర్తిచేసేసరికి 1436 అయింది. కింద నుంచి ఆనిక కట్టెల దన్ను లేకుండా లేపాడు మహానుభావుడు. నూట నలభై ఏళ్ల పనికి పదిహేను నిమిషాలు, అందులో పది గ్రూప్ ఫోటోకి. మైకెలాంజెలో చెక్కిన డేవిడ్ విగ్రహం దగ్గర కూడా అంతే. చౌకులో ఉన్నది నకలు, అసలు విగ్రహం 1873 నుంచి మ్యూజియంలో ఉంది. దాని టికెట్టు ప్యాకేజీలో లేదు. పాత వంతెన మీద మాత్రం మా ఆడవాళ్లు కాసేపు నిలబడ్డారు. 1593లో మాంసం కొట్లు ఖాళీ చేయించి కంసాలుల్ని పెట్టినప్పటి నుంచీ అది బంగారు కొట్ల వంతెనే. గ్రాము ఎంతో కనుక్కున్నారు, 18 క్యారెట్లని తెలిసి పెదవి విరిచారు, వచ్చేశారు.

ఇదంతా గంట అటూ ఇటూ. ఆ తర్వాత గైడమ్మ వెనక్కి తిరిగి, ‘ఇప్పుడు టాయిలెట్ ఫ్రీ’ అంది.

తమరి తెలివికి జోహార్లు. పొద్దున్నుంచీ ఎక్కడ ఆగినా చిల్లర యూరోల కోసం వెతుక్కుంటున్న మనుషులకి ఆ మాట చాలు. మందలా తోసుకుంటూ లోపలికి వచ్చేశాం. మేడ మెట్లు దిగి వచ్చేసరికి కుర్చీలు వరసగా వేసి ఉన్నాయి. చేతిలో చల్లటి నీళ్లు పెట్టారు. తలుపు మూశారు.

సూటు వేసుకున్న కుర్రాడొకడు ‘నమస్కారం’ అన్నాడు. మా వాళ్లు సగం అప్పుడే పడిపోయారు. గొర్రెపిల్ల తోలు కోటు తీసి, నలిపి, ముద్దచేసి, విదిలించాడు. మడత లేదు. లైటర్ వెలిగించి మంట కోటు చేతికి ఆనించాడు. కాలలేదు. అందరూ ‘అబ్బో’ అన్నారు. కాలకపోతే ఏమిటండీ? మా ఊళ్లో కోటుకి నిప్పు పెట్టేవాడెవడూ లేడు. మా సమస్య నిప్పు కాదు, తేమ. శ్రావణమాసంలో బీరువాలో పెట్టిన బెల్టుకే బూజు పడుతుంది, ఆ కోటు పంట కాలవ పక్క ఇంట్లో ఎన్నాళ్లు బతుకుతుంది? అడుగుదామనుకునే లోపు, రొయ్యల రేటు పడిపోయిందని పిసా దాకా వాపోయిన భీమవరం రాజుగారు లేచి ఆ కోటు తొడుక్కున్నారు. ‘సూపరండీ’ అన్నారంతా. ఆయన కొన్నారు. భీమవరంలో ఏ నెలలో వేసుకుంటారో నేను అడగలేదు, ఆయనా చెప్పలేదు.

ఇక నా బాధ.

మాది పి.గన్నవరం దగ్గర లంక. 1986 ఆగస్టులో గోదారి భద్రాచలం దగ్గర 75.6 అడుగులు లేచినప్పుడు మా లంక మీద నుంచి వెళ్లింది. నీళ్లు ఎంతదాకా వచ్చాయో మా వీధరుగు స్తంభం మీద నాన్న మేకుతో గీత గీశాడు. ఇంటికి రంగులు వేయించినప్పుడల్లా ఆ గీత జోలికి పోవద్దని మేస్త్రీకి ముందే చెబుతాం. అలాంటి ఇంట్లో పుట్టినవాడికి ఫ్లోరెన్స్ అంటే డేవిడ్ కాదండీ, ఆర్నో.

1333 నవంబరు 4న ఆ ఏరు ఊరి మీద పడి, ఇప్పటి పాత వంతెన చోట అంతకుముందున్న వంతెనని ఊడ్చుకుపోయింది. మళ్లీ 1966లో, సరిగ్గా నవంబరు 4నే, ఇంకా ఎత్తున వచ్చింది. తేదీ కూడా మార్చలేదు మహాతల్లి. ఇళ్లు వెచ్చబెట్టుకోవడానికి దాచుకున్న నూనె నీళ్లలో కలిసి గోడలు నల్లబడ్డాయి. శాంతా క్రోచే చర్చిలో చిత్రకారుడు చిమబూయె వేసిన శిలువ బొమ్మ రంగు చాలావరకు ఊడి కొట్టుకుపోయింది. పక్కనే ఉన్న జాతీయ గ్రంథాలయంలో పుస్తకాలు బురదలో కూరుకుపోతే, ఎక్కడెక్కడి నుంచో వచ్చిన కుర్రాళ్లు వరసలో నిలబడి చేతులు మార్చుకుంటూ పైకి తెచ్చారు. వాళ్లని అక్కడివాళ్లు బురద దేవదూతలంటారు.

ఆ చర్చికి దగ్గర్లోనే, శాన్ రెమీజియో వీధిలో ఒకే గోడకి రెండు పలకలున్నాయి. కింది పలక 1333 వరదది. చెయ్యి చెక్కి, నీళ్లు ఇక్కడిదాకా అని వేలితో చూపించారు. దాని పైన 1966ది. నేను యూరప్ మొత్తంలో చూడాలనుకున్నది ఆ గోడ. మా అరుగు స్తంభానికి పెద్దన్నయ్య అది.

తమరి దుకాణం ఎక్కడుందో తెలుసా? శాంతా క్రోచే పక్క సందులో. అక్కడి నుంచి ఆ గోడకి ఐదు నిమిషాల నడక.

లేచి తలుపు దగ్గరికి వెళ్లాను. టూర్ మేనేజర్ కుర్రాడు అడ్డం నిలబడి, ‘పెద్దవారు, ఒంటరిగా వెళ్లకండి బాబాయ్‌గారూ, తప్పిపోతే మాకు టెన్షన్’ అన్నాడు. పన్నెండేళ్లకే గోదారి పాయ వైనతేయ ఈదినవాణ్ణి రెండు సందులు దాటలేనా? పోనీ అందరి పనీ అయ్యాక వెళ్దామన్నాను. ‘ఆయ్, అలాగేనండీ’ అన్నాడు, మనవాడే. అందరి పనీ అయ్యేసరికి గంట దాటింది. పర్సుల మీద పేరులో మొదటి అక్షరం బంగారు రంగుతో అచ్చేస్తామన్నారు కదా, దానికి క్యూ. అప్పుడా కుర్రాడు వాచీ చూసుకుని, ‘డిన్నర్ లేటయితే వంటాయన కట్టేస్తాడండీ’ అన్నాడు. ఆరు వందల ఏళ్ల వరద చరిత్ర ఒకవైపు, పాలక్ పనీర్ ఒకవైపు. పనీర్ గెలిచింది. అది కూడా చల్లారిపోయింది.

ఇంకా తమరూ గిమరూ ఏమిటి. ఒరేయ్ షాపింగ్ స్టాపూ, నీకేం పోయేదిరా ఓ పావుగంట తలుపు తీసి ఉంచితే? నేను నీ సరుకు కొనేవాణ్ణి కాదని నా చెప్పులు చూసి మొదటి నిమిషంలోనే నీకు తెలుసు. తెలిసీ కూర్చోబెట్టావు. పొలం కౌలు డబ్బులు కూడబెట్టుకుని అంత దూరం వస్తే, ఒక్క సాయంత్రం ఇస్తే, అందులో సగం నువ్వు మింగావు.

మా ఆవిడ మోకాళ్లకి మాత్రం నీ కుర్చీ హాయిగా ఉందట. ఆ రాళ్ల వీధుల్లో ఎక్కడా కూర్చోనివ్వలేదు, నువ్వొక్కడివే కూర్చోమన్నావు అంటోంది. అది కాదనను. ఫారంలో ఆమె ఐదు స్టార్లు నొక్కింది. నన్ను అడక్కుండానే నొక్కింది.

వచ్చే ఏడాది ఈజిప్టట. అడ్వాన్సు కూడా కట్టేసింది. కైరోలో పాపిరస్ కాగితం బొమ్మలు అమ్మే నీ పేరు పాపిరస్ ఇన్‌స్టిట్యూట్ అని విన్నాను. అత్తరు కొట్టు వేషంలో కూడా ఉంటావట. రా, చూసుకుందాం. నైలు నది నీళ్లు ఏ ఏడు ఎంత ఎత్తు వచ్చాయో చూసుకోవడానికి వెయ్యేళ్ల కిందట మెట్లు కట్టి, స్తంభం నిలబెట్టి, గీతలు పెట్టిన బావి అక్కడ రోడా లంకలో ఉంది. ఈసారి బస్సు నీ గుమ్మం దగ్గర ఆగగానే నేను టాక్సీ ఎక్కేస్తున్నాను. టాయిలెట్‌కి చిల్లర కూడా జేబులో వేసుకునే వస్తున్నాను.

ఇట్లు,
లంక నుంచి,
నీ దగ్గర ఏమీ కొననివాడు