పోక్ రూట్‌ని ఆ జాబితాలోంచి తీసేయండి

శోషరస వ్యవస్థకి (లింఫ్, అంటే కణాల మధ్య మిగిలిన ద్రవాన్ని తిరిగి రక్తంలోకి చేర్చే వ్యవస్థ) మేలు చేసే మూలికలంటూ వ్యాసంలో క్లీవర్స్, కలెండులా, పోక్ రూట్ మూడింటినీ ఒకే వరుసలో పెట్టేశారు. పోక్ రూట్ విషం అండీ! పచ్చి వేరు కొంచెం తిన్నా వాంతులు, విరేచనాలు పట్టుకుంటాయి. ఎవరైనా చదివి కాచుకు తాగితే?

రొమ్ము క్యాన్సర్ ఆపరేషన్‌లో చంకలో శోషరస గ్రంథులు తీసేశాక ఆ ద్రవం నిలిచిపోయి మా అమ్మకి చేయి వాచింది. ఉంగరం దిగేది కాదు, వేలితో నొక్కితే గుంట అలాగే ఉండిపోయేది. నెలల తరబడి క్లీవర్స్ టీ తాగింది, తేడా ఏమీ లేదు. చివరికి కంప్రెషన్ స్లీవ్ (చేతిని బిగుతుగా పట్టి ఉంచే తొడుగు), రోజూ చేతి వ్యాయామాలతోనే తగ్గుముఖం పట్టింది. శోషరసానికి గుండె లాంటి పంపు లేదు కదా, కండరాలు కదలాలి. మెలిలోట్ అనే మూలిక గురించీ ఒక మాట: అందులో కూమరిన్ ఉంటుంది. వార్ఫరిన్ (రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే మందు) వాడేవాళ్లు డాక్టర్‌ని అడక్కుండా దాని జోలికి వెళ్లొద్దు.