ఆకలేస్తే అదే తింటుందా?

"చిలుక పిల్లకు ఎనిమిది వారాలు నిండగానే సిరంజితో మేత పట్టడం ఆపేయండి. ఆకలేస్తే అదే తింటుంది. రెండు రోజులు అరుస్తుంది, పట్టించుకోవద్దు. గిన్నెలో గింజలుంటే చాలు." చేతులు మారుతూ మారుతూ ఈ సలహా ఇప్పుడు రూల్ అయి కూర్చుంది. ఇందులో ఒక్క వాక్యమూ నిలవదు.

వయసు సంగతి చూద్దాం, అది చిలుక రకాన్ని బట్టి మారుతుంది. బడ్జీ పిల్ల సుమారు 6 వారాలకే సొంతంగా తినగలదు. కాకటీల్‌కు 8 నుంచి 10 వారాలు పట్టవచ్చు. ఆఫ్రికన్ గ్రేకు మూడు నాలుగు నెలలు, పెద్ద మకావ్‌లకు ఇంకా ఎక్కువే. ఒకే గూటి పిల్లల్లోనూ ఒకటి ముందు, ఒకటి వెనక. ఎనిమిది వారాల గ్రే పిల్లకు సిరంజి ఆపడమంటే దాన్ని పస్తు పెట్టడమే.

"ఆకలేస్తే తింటుంది" అన్న మాటే అన్నిటికన్నా ప్రమాదం. ఆకలి వేయడం వేరు, తినడం రావడం వేరు. పిల్ల పెల్లెట్‌ను, అంటే చిలుకల కోసం తయారుచేసిన మేత గుళికను, ముక్కుతో పట్టి, నాలుకతో అటూ ఇటూ తిప్పి, నలిపి కింద రాల్చేస్తుంది. గిన్నె ఖాళీ అయిందని మనం మురిసిపోతాం. కింద పరిచిన కాగితం చూస్తే పొడి అంతా అక్కడే ఉంటుంది. మెడ కింది మేత సంచి, అంటే క్రాప్, తాకి చూస్తే ఖాళీ. పైగా బాగా ఆకలి మీదున్న పిల్ల కొత్త తిండి జోలికే పోదు, తల ఊపుతూ సిరంజినే అడుగుతుంది. కడుపు కొంత నిండితేనే తీరిగ్గా రుచి చూస్తుంది. అందుకే పొద్దున కాస్త ఫార్ములా, అంటే సిరంజితో పట్టే జావలాంటి మేత, ఇచ్చాకే గిన్నె పెట్టాలి. ముందు మధ్యాహ్నం మేత తగ్గించాలి, రాత్రిది అన్నిటికన్నా చివర.

పిల్ల నిజంగా తింటోందా లేదా అన్నది గ్రాముల్లో చూపించే తూకమే చెబుతుంది. రోజూ పొద్దున్నే, మొదటి మేతకు ముందు తూచాలి. రెక్కలొచ్చి ఎగరడం మొదలయ్యే రోజుల్లో ఒంటి బరువులో పదో వంతు దాకా తగ్గడం మామూలే. అంతకు మించి జారుతుంటే ఆపిన మేత మళ్లీ ఇవ్వాల్సిందే, వెటర్నరీ డాక్టర్‌కు కూడా చూపించాలి.

ఇక అరుపు. అది మొండితనం కాదు, ఆకలి. బలవంతంగా సిరంజి మాన్పించిన పిల్లలు కొన్ని పెద్దయ్యాక కూడా మనిషి కనబడితే చాలు మేత కోసం గోల చేస్తాయి. సిరంజి మానేసిన పిల్ల ఇల్లు మారినప్పుడు మళ్లీ అడిగితే కొన్నాళ్లు ఇవ్వండి, అలవాటు చెడిపోతుందని టెన్షన్ వద్దు. ఫార్ములా మాత్రం 40 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఉండాలి, థర్మామీటర్‌తోనే చూడాలి. చల్లారింది పోస్తే క్రాప్‌లో నిలిచి పులుస్తుంది, మరీ వేడిది పోస్తే క్రాప్ కాలుతుంది.

గింజలకు పొట్టు ఒలవడం పిల్లకు వెంటనే రాదు. వచ్చినా వాటిలో విటమిన్ ఎ, కాల్షియం తక్కువ. గోరువెచ్చటి నీళ్లలో నానిన పెల్లెట్లు, మెత్తగా ఉడికిన ధాన్యం, తురిమిన క్యారెట్ పెట్టండి, ముందు చేతి వేళ్లతో అందిస్తే ఇంకా మంచిది. తడి తిండిని రెండు గంటల్లో తీసేయండి. అవకాడో మాత్రం అసలు వద్దు, చిలుకలకు అది విషం.