అనుబంధం వెనుక పేజీలో ఉంది

పదిహేనేళ్ళ పిల్లలకు అంతర్జాతీయ ఒప్పందాల గురించి పాఠం చెప్పడంలో ఒక ప్రమాదం ఉంది. పాఠం వారికి అర్థం కాకపోవడం కాదు, అర్థం కావడమే ఆ ప్రమాదమని ఇరవై ఏళ్ళ సర్వీసు తరువాత గానీ నాకు తెలిసిరాలేదు. ప్రపంచం పట్ల దేశానికుండే బాధ్యతల పాఠం ప్రతి ఏటా పరీక్షలకు కాస్త ముందు, ఎప్పుడూ చివరి పీరియడులోనే వచ్చేది. పిల్లలు ఆవలిస్తూ వినేవారు, నేను ఆవలింత ఆపుకుంటూ చెప్పేవాడిని. ఆ విధంగా ఉభయపక్షాల మధ్య అలిఖిత ఒప్పందమొకటి ఏ వివాదమూ లేకుండా అమలవుతూ ఉండేది.

ఈ ఏడాది దానిని చెడగొట్టినవాడిని నేనే. ఒప్పందమంటే ఏమిటని అడిగాను. "పెద్దవాళ్ళు కోట్లు వేసుకుని, ఫైళ్ళు మార్చుకుని, ఫొటో దిగడం సార్" అన్నాడు చివరి బెంచీలోని పొడుగాటి కుర్రాడు. పూర్తిగా తప్పనడానికి లేదు గానీ, ఫొటో దిగిన తరువాతే అసలు కథ మొదలవుతుందని వీళ్ళకు చెప్పాలన్న ఉత్సాహం నాలో పుట్టింది. నల్లబల్ల మీద మూడు మెట్లు గీశాను: సంతకం, ధ్రువీకరణ, అమలులోకి రావడం. చాలా ఒప్పందాలలో సంతకం పెట్టినంత మాత్రాన దేశం కట్టుబడిపోదని, ఇంటికి వెళ్ళి తన చట్టం ప్రకారం ఔననిపించుకుని, ఆ మేరకు పత్రం దాఖలు చేసినప్పుడే దాని మెడకు ముడి పడుతుందని వివరించాను. 1989లో ఐక్యరాజ్యసమితి ఆమోదించిన బాలల హక్కుల ఒడంబడికలో 196 పక్షాలు చేరినా, 1995లో సంతకం పెట్టిన అమెరికా నేటికీ ధ్రువీకరించలేదని ఉదాహరణ కూడా ఇచ్చాను. ఎవరూ ఆవలించలేదు. నలభై రెండు జతల కళ్ళు తళుక్కుమన్నాయి. ఆ తళుకును నేను జ్ఞానదాహం అనుకున్నాను.

ఒప్పందం రుచి నోటికి తగిలితే పాఠం బాగా ఒంటబడుతుందన్న ఉద్దేశంతో, మరునాటికి రెండు పేజీల వ్యాసం రాసుకుని వస్తామని ఒక కాగితం మీద రాసి, అందరిచేతా సంతకాలు చేయించాను. మరునాడు బల్ల మీదకు పదకొండు నోటు పుస్తకాలు వచ్చాయి. మిగిలిన ముప్ఫై ఒక్కమంది మొహాలలో భయం గానీ, పశ్చాత్తాపం గానీ, కనీసం కడుపునొప్పి గానీ కనిపించలేదు.

"సంతకం పెట్టాం సార్, ఇంకా ధ్రువీకరించలేదు" అన్నాడు పొడుగాటి కుర్రాడు, ఎంతో మర్యాదగా లేచి నిలబడి. "మా ఇంట్లో ధ్రువీకరించవలసింది అమ్మ. నిన్న ఆవిడకు తీరిక దొరకలేదు."

మొదటి బెంచీలో కళ్ళద్దాల అమ్మాయి ఒకతె ఉంది. వ్యాసం రాసుకు వచ్చిన పదకొండు మందిలో ఆమె కూడా ఉంది కనుక నా పక్షాన మాట్లాడుతుందని ఆశపడ్డాను. ఆమె అసలు ఒప్పందమే అమలులోకి రాలేదని తేల్చి చెప్పింది. వాతావరణ మార్పును అదుపు చేయడానికి 2015 డిసెంబరు 12న కుదిరిన పారిస్ ఒప్పందం 2016 నవంబరు 4న గానీ అమలులోకి రాలేదని, అందుకు కనీసం 55 పక్షాలు ధ్రువీకరించడమే కాక, భూమిని వేడెక్కించే వాయువుల ప్రపంచ ఉద్గారాలలో వాటి వాటా కనీసం 55 శాతం ఉండవలసి వచ్చిందని నేనే నిన్న చెప్పానట. తరగతిలో నలభై రెండు మందికి పదకొండు మందే ధ్రువీకరించారు కనుక, తాను రాసిన వ్యాసం బాధ్యత కొద్దీ రాసినది కాదని, కేవలం సుహృద్భావంతో రాసినదని గమనించవలసిందిగా కోరింది.

నేనూ తక్కువ తినలేదు. 1969 నాటి వియన్నా ఒడంబడికను బయటికి తీశాను. ఒప్పందాల మీద ఒప్పందం అది. అందులోని 18వ అధికరణం ప్రకారం, సంతకం పెట్టి ధ్రువీకరించని కాలంలో కూడా ఆ ఒప్పందం ఉద్దేశాన్నే దెబ్బతీసే పని చేయకూడదని గర్జించాను.

"దెబ్బతీయలేదు సార్" అంటూ పొడుగాటి కుర్రాడు నోటు పుస్తకం తెరిచి రెండు పేజీలు చూపించాడు. "ఒక్క గీత కూడా పడకుండా భద్రంగా ఉంచాను."

ఆ పేజీలు నిజంగానే మల్లెపూవులా ఉన్నాయి.

ఆ తరువాతి వారమంతా నా గది జెనీవా అయిపోయింది. పిల్లలు పాఠ్యపుస్తకం మూసి గ్రంథాలయం మీద పడ్డారు. సెలవు రోజులకు ఇంటిపని ఇస్తే బాలల హక్కుల ఒడంబడికలోని 31వ అధికరణం చూపించి, విశ్రాంతి, తీరిక, ఆట తమ హక్కులన్నారు. వాదించవద్దంటే 12వ అధికరణం చూపించి, తమకు సంబంధించిన విషయాలలో తమ అభిప్రాయానికి వయసును బట్టి తగిన విలువ ఇవ్వాలన్నారు. కొందరు 'గణితం ఉన్న రోజులకు ఈ ఒప్పందం వర్తించదు' అంటూ మినహాయింపులు దాఖలు చేశారు. పారిస్ ఒప్పందంలోని 27వ అధికరణం మినహాయింపులకు చోటివ్వదని చెప్పి వాటిని తోసిపుచ్చాను. ఆ వారంలో నేను గెలిచింది ఆ ఒక్కటే. ఓజోను పొరను కాపాడడానికి 1987లో కుదిరి, ఆ తరువాత ప్రపంచంలోని దేశాలన్నీ చేరిన మాంట్రియల్ ప్రోటోకాల్ గురించి గంటసేపు ఎంతో ఇష్టంగా చెబితే మాత్రం ఒక్కరూ ఒక్క ప్రశ్న వేయలేదు. సక్రమంగా నడిచే ఒప్పందంలో వాళ్ళకు పనికొచ్చే సందు దొరకలేదు కాబోలు.

చివరికి ఇంటిపనికీ గది శుభ్రతకూ కలిపి ఒకే ఒప్పందం, చర్చలు జరిపి మరీ కుదుర్చుకుందామని ప్రతిపాదించాను. ఏకు మేకవుతున్నదని తెలియక కాదు. పిల్లలు ఇంత శ్రద్ధగా అధికరణాలు వల్లించడం చూసి లోలోపల పొంగిపోతున్నాను, అంతే.

శుభ్రత దగ్గరే చర్చలు ఇరుక్కున్నాయి. కాగితపు రాకెట్లు వేసేది చివరి బెంచీలే కనుక ఊడ్చే బాధ్యత వాళ్ళదేనని మొదటి బెంచీలు వాదించాయి. చివరి బెంచీలు వెంటనే 1992 నాటి రియో పర్యావరణ సదస్సు దగ్గరికి వెళ్ళాయి. బాధ్యతలు ఉమ్మడివే అయినా అందరికీ ఒకే స్థాయిలో ఉండవన్న సూత్రాన్ని నేను దేశాల విషయంలో చెబితే, వాళ్ళు దానిని చీపురు విషయంలో వాడుకున్నారు. మార్కుల ప్రకారం తాము ఇంకా అభివృద్ధి చెందుతున్న బెంచీలమని, మొదటి బెంచీలు ఎప్పుడో అభివృద్ధి చెందినవి కనుక ముందు చీపురు పట్టుకోవలసింది వారేనని అన్నారు. "మరి ఎనిమిదో తరగతి నుంచి మీరు వేసిన రాకెట్ల లెక్క ఏమిటి? దాన్నే చారిత్రక బాధ్యత అంటారు" అని కళ్ళద్దాల అమ్మాయి ఒక్క మాటతో వాళ్ళ నోరు మూయించింది. దానికి వాళ్ళు, గదిలోని చెత్తలో కొంత భాగం మునుపటి బ్యాచిది కూడా అని, దానికి పరిహారనిధి ఒకటి ఏర్పాటు కావాలని పట్టుబట్టారు. నిధికి ఎవరు సొమ్ము వేస్తారన్న ప్రశ్న రాగానే అందరూ కలిసి నా వైపు చూశారు.

ఇంటిపని అధికరణంలో ఒక్క క్రియాపదం మీద నలభై నిమిషాలు గడిచాయి. నేను 'రాయాలి' అన్నాను, వాళ్ళు 'రాస్తే బాగుంటుంది' అన్నారు. తప్పు నాదే. పారిస్‌లో చివరి గంటల్లో, అభివృద్ధి చెందిన దేశాలకు సంబంధించిన ఒక వాక్యంలో కచ్చితంగా 'చేయాలి' అనే అర్థమిచ్చే ఆంగ్ల పదం పడిందని, దానిని అచ్చుతప్పు కింద సవరించి 'చేయడం సముచితం' అన్నంత మెత్తని పదం పెట్టిన తరువాతనే సభ ముందుకు సాగిందని, ఒక్క మాట బరువు ఎంతో తెలియడానికి నేనే కథలా చెప్పాను. ఆ సదస్సు డిసెంబరు 11న ముగియవలసింది, ఒక రోజు ఆలస్యమైంది. మాకు బడి గంట కొట్టిన తరువాత అరగంట ఆలస్యమైంది. బయట ఆటో హారన్లు మోగుతున్నాయి, ఒకరిద్దరికి ఆకలి మొదలైంది, నాకు తలనొప్పి మొదలైంది. ప్రపంచ చరిత్రలో ఎన్ని ఒప్పందాలు ఇలా హారన్లూ తలనొప్పుల మధ్య కుదిరాయో ఎవరు చూడొచ్చారు! ఉన్నట్టుండి పిల్లలు మెత్తబడి, 'రాయాలి' అనే మాటకు ఒప్పేసుకున్నారు.

అప్పుడైనా నాకు అనుమానం రావలసింది. గీతలు గీసి, గుండ్రటి అక్షరాలతో రాసిన శుభ్రప్రతిని నా ముందు పెట్టారు. తొమ్మిది అధికరణాలూ చదివాను, నా మాటే నెగ్గింది. సంతకం చేయవలసిన చోటికి కాస్త పైన, మధ్యలో, ఎర్ర సిరాతో 'అనుబంధం' అని ఒక్క మాట రాసి ఉంది. గుండె కరిగిపోయింది. ఇంత పోట్లాట తరువాత కూడా గురువు మీద ఎంత ఆపేక్ష లేకపోతే ఆ మాట రాస్తారు, అదీ రంగు మార్చి! కళ్ళద్దాలు తీసి తుడుచుకుని సంతకం చేశాను. ఆ మాట పక్కన వెనుక పేజీని సూచిస్తున్న చిన్న బాణం గుర్తు, అద్దాలు తుడుచుకోవడానికి తీసి ఉన్నందువల్ల, నాకు కనిపించలేదు.

మరునాడు నలభై రెండు నోటు పుస్తకాలూ వచ్చాయి. బల్ల మీద దొంతరగా పేర్చి, ఎవరి చోటికి వాళ్ళు వెళ్ళకుండా నిలబడ్డారు.

"మీది ఏది సార్?" అని అడిగింది కళ్ళద్దాల అమ్మాయి.

అనుబంధం వెనుక పేజీలో ఉందని అప్పుడు తెలిసింది. అందులో నాలుగే అంశాలున్నాయి. ఇచ్చిన ఇంటిపనిని ఇచ్చినవారు కూడా అదే గడువుకు, అన్నే పేజీలలో రాయాలి. రాసినవి మూడు రోజులలో దిద్ది ఇవ్వాలి. ఒప్పందం అమలులోకి వచ్చిన మూడేళ్ళ వరకు వైదొలగుతామనే నోటీసు చెల్లదు, నోటీసు ఇచ్చాక మరో ఏడాది ఆగాలి. ఈ గదిలోకి వచ్చే ఏడాది వచ్చేవారు ఈ ఒప్పందానికి వారసులవుతారు. మూడో అంశం పారిస్ ఒప్పందంలోని 28వ అధికరణానికి మక్కీకి మక్కీ. వాళ్ళు మూడు నెలలలో పరీక్షలు రాసి హాయిగా వెళ్ళిపోతారు, నేను మాత్రం నాలుగేళ్ళు ఇంటిపని రాస్తూ ఇక్కడే ఉంటాను.

ఇటువంటిది పాఠశాల నిబంధనలకు విరుద్ధమని గొంతు పెంచాను. స్వదేశీ చట్టాన్ని సాకుగా చూపి ఒప్పందాన్ని ఉల్లంఘించడం కుదరదని వియన్నా ఒడంబడికలో 27వ అధికరణం ఉందట, ఒక కుర్రాడు కూర్చున్నచోటి నుంచే అందించాడు. ప్రధానోపాధ్యాయుడి గదికి పరుగెత్తాను. ఆయన టేబుల్ మీద మా ఒప్పందం నకలు, దాని మీద కార్యాలయం ముద్ర, తేదీ, ఇన్‌వార్డు నంబరు సిద్ధంగా ఉన్నాయి. ఒప్పందాలను ఐక్యరాజ్యసమితి సచివాలయంలో నమోదు చేయించాలని ఆ సంస్థ నియమపత్రంలోని 102వ అధికరణం చెబుతుంది కదా, పిల్లలు సాయంత్రమే వచ్చి నమోదు చేయించుకు వెళ్ళారట. "పిల్లలలో ఇంత చైతన్యం తెచ్చారు, అభినందనలు మాస్టారూ" అని ఆయన నాతో కరచాలనం చేశారు. ఫొటో కూడా తీయించారు.

తిరిగి వచ్చేసరికి నా బల్ల చుట్టూ మూడు కుర్చీలు వేసి ఉన్నాయి. అమలు పర్యవేక్షణ సంఘమట. భయపడవద్దని, పారిస్ ఒప్పందంలోని 15వ అధికరణం ప్రకారం ఇటువంటి సంఘం నిందించదు, శిక్షించదు, సహకరిస్తుంది అంతేనని కళ్ళద్దాల అమ్మాయి ధైర్యం చెప్పింది. పొడుగాటి కుర్రాడు తన నోటు పుస్తకంలో భద్రంగా దాచిన ఆ రెండు తెల్ల పేజీలనూ నెమ్మదిగా చింపి నాకు ఇచ్చాడు. పిన్నులు, స్కేలు, నీళ్ళ సీసా పక్కన పెట్టారు. ముగ్గురూ చేతులు కట్టుకుని సహకరిస్తూ కూర్చున్నారు. అంత సహకారం కంటే రెండు తిట్లు తిని ఊరుకోవడం సుఖమనిపించింది.

గంట గడిచేసరికి రెండు పేజీలు నింపి ఇచ్చాను. ఆ అమ్మాయి నా ఎర్ర కలం నా జేబులో నుంచే అడిగి తీసుకుంది. వియన్నా ఒడంబడిక 1969లో అమలులోకి వచ్చిందని తొందరలో రాశాను, దానికి సున్నా చుట్టి పైన 1980 అని వేసింది. రెండో పేజీ చివర, ఇరవై ఏళ్ళుగా నేను పిల్లల పుస్తకాలలో రాస్తున్న వాక్యాన్ని, నేను రాసే పద్ధతిలోనే కొంచెం వాలుగా రాసి, కింద పొట్టి సంతకం పెట్టింది: "విషయం ఫరవాలేదు. దస్తూరి మెరుగుపరచుకోవలెను."